'వెంటనే అప్‌డేట్ చేసుకోండి' అని రాస్తే సరిపోతుందా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో రెండు మూడు నెలలకోసారి ఒక వార్త తప్పకుండా వస్తుంటుంది. 'ఆండ్రాయిడ్ వాడేవారికి కేంద్రం హెచ్చరిక' అనో, 'విండోస్‌లో ప్రమాదకర లోపం, వెంటనే అప్‌డేట్ చేసుకోండి' అనో పెద్ద హెడ్డింగు, కింద కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ చెప్పిందని నాలుగు లైన్లు, పక్కన మొహం కనబడకుండా ముసుగేసుకున్న హ్యాకర్ బొమ్మ. ఆ వార్త వచ్చిన రోజు మా షాపుకి ఫోన్లు పట్టుకుని జనం వస్తారు, 'బాబూ, ఇది నాకూ వర్తిస్తుందా, బ్యాంకులో డబ్బులు పోతాయేటి' అని. ఏం చెప్పమంటారు? మీ వార్తలో ఏ వెర్షనో ఉండదు, ఏ తేదీ ప్యాచ్ (అంటే లోపానికి కంపెనీ ఇచ్చే రిపేరు) ఉంటే భయం లేదో ఉండదు, అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ చెయ్యాలన్న ముక్క అసలే ఉండదు, టెన్షన్ మాత్రం దండిగా ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే నా గోడు కత్తిరించండి, పనికొచ్చే ముక్కలు ఉంచండి.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. ఒడిశాలో ఉన్నా మహేంద్రతనయ దాటితే పాతపట్నమే కాబట్టి పొద్దున్నే చదివేది తెలుగు పేపరే. కంప్యూటర్ రిపేరు, జెరాక్సు, తెలుగు ఒడియా డీటీపీ, సర్కారీ ఫారాలు నింపడం, అన్నీ ఒకే గదిలో చేస్తాను. మా వైపు ఇలాంటి గదులు వీధికొకటి ఉన్నాయి. కాశీనగర్, గుణుపూర్, రాయగడ, ఎటు వెళ్లినా ఇదే సీను. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, భూమి పట్టా ప్రింటు, సుభద్ర పథకానికి ఆడవాళ్ల కేవైసీ, పిల్లల స్కాలర్‌షిప్పు, అంతా ఈ గదుల్లో ఉన్న పాత సిస్టమ్‌ల మీదుగానే వెళ్తుంది. వాటిల్లో ఏదైనా ఒకదాని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఊళ్లో సగం మంది ఆధార్ కార్డులు, పాస్‌బుక్కు మొదటి పేజీలు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు అలాగే పడి ఉంటాయి. ఎవరూ డిలీట్ చెయ్యరు, రేపు మళ్లీ ఆయనే వస్తే పనికొస్తుందని.

అలాంటి సిస్టమ్ పాడై రిపేరుకి ఇచ్చారంటే దానికి కచ్చితంగా జరిగే పని ఒకటుంది, అప్‌డేట్లు ఆపేయడం. సర్వీసుల్లోకెళ్లి విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేస్తారు, అది మళ్లీ తనంతట తాను లేవకుండా ఇంకో చిన్న టూల్ పెడతారు, 'ఇంక మిమ్మల్ని విసిగించదండి' అని చెప్పి దానికి విడిగా డబ్బులు కూడా పుచ్చుకుంటారు. మా వృత్తిలోవాళ్ల మీదే చెబుతున్నానని కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోనీండి. గేటుకి తాళం పీకేసి ఇచ్చి మెరుగైన సర్వీసు అని బిల్లు వెయ్యడం ఏం పని?

కస్టమర్లే అడుగుతారు, అదీ నిజమే. అడగడానికి కారణాలూ ఉన్నాయి, వాళ్లని వెక్కిరించను. చాలామంది దగ్గర వైఫై ఉండదు, ఫోన్ హాట్‌స్పాటే. రోజుకి జీబీన్నర ప్యాకు వేసుకున్న మనిషికి విండోస్ నెలవారీ అప్‌డేట్ వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీ దాటి లాగేసుకుంటే ఆ పూట దుకాణం కట్టేసినట్టే. కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, 'కంప్యూటర్ ఆఫ్ చేయకండి' అని తెర మీద చక్రం తిరుగుతూ ముప్పై నాలుగు శాతం దగ్గర ఉండగా లైటు పోతుంది. కరెంటు వచ్చాక, 'మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం' అంటూ ఇంకో అరగంట. అన్నిటికన్నా పెద్ద భయం వేలిముద్ర మిషన్ది. అప్‌డేట్ అయిన మర్నాడు దాని డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము, దొరకట్లేదని ఎర్ర అక్షరాలొస్తే, బయట కొండ మీదనుంచి పొద్దున్నే బస్సెక్కి దిగినవాళ్లు వరసలో నిలబడి ఉంటే, ఆ సెంటర్ కుర్రాడు ఇక జన్మలో అప్‌డేట్ జోలికి పోడు. నేనైనా అంతే చేస్తానేమో అనిపిస్తుంది.

కాకపోతే ఆపేస్తున్నది దేన్నో తెలిసి ఆపాలి కదా. నెలనెలా వచ్చే ఆ మూటలో కొత్త బటన్లు, రంగులు పైపై సంగతులు. అసలు సరుకు కెర్నెల్‌కి వచ్చే సెక్యూరిటీ రిపేర్లు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిగుండె. ఏ ప్రోగ్రాముకి ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు తెరవొచ్చు, కీబోర్డు మీద కొట్టిన పాస్‌వర్డు ఎవరికి చేరాలి, ఇవన్నీ తేల్చేది అదే. పాతకాలంలో ఊరి కరణం దస్తరం లాంటిది, అందులో ఎలా రాసుంటే అలా చెల్లుతుంది. ఆ దస్తరంలో చెయ్యి పెట్టే సందు ఎవడికైనా దొరికితే ఇక యాంటీవైరస్ మాత్రం ఏం చేస్తుంది, అదీ కరణం సంతకం మీద బతికేదేగా.

ఇక్కడ చాలామంది 'నా సిస్టమ్‌లో ఎవడు దూరతాడండీ, నేనేమైనా బ్యాంకా' అంటారు. కెర్నెల్ లోపాల్లో ఎక్కువభాగం బయటినుంచి నేరుగా దూరడానికి పనికిరావు, అది ఒప్పుకుంటాను. ముందు ఏదో ఒక చిన్న ప్రోగ్రాము లోపలికి రావాలి, వచ్చాక ఆ లోపాన్ని వాడుకుని మామూలు యూజర్ నుంచి మొత్తం సిస్టమ్‌కి యజమాని అయి కూర్చుంటుంది. మరి మా డీటీపీ సెంటర్లలో ఆ చిన్న ప్రోగ్రాము రావడానికి ఎంతసేపు? ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కొనరు, పెన్‌డ్రైవ్‌లో దొంగ కాపీ చేతులు మారుతుంటుంది, అందులో కొనకుండానే నడిపించే ఒక 'క్రాక్' ఫైలు, పక్కన నోట్‌ప్యాడ్‌లో 'ముందు యాంటీవైరస్ ఆపి తర్వాత దీన్ని నొక్కుము' అని సూచన. మనవాళ్లు శ్రద్ధగా ఆ సూచన ప్రకారమే చేస్తారు!

కొన్నిసార్లు ఆ చిన్న ప్రోగ్రాము కూడా అక్కర్లేదు. 2017 మే 12న వనాక్రై అని, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఒకటి ప్రపంచమంతా తిరిగింది, గుర్తుందా, ఆంధ్రాలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో మీ పేపర్లలోనే వచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకుండా ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కి పాకిపోయింది, ఎందుకంటే లోపం ఉన్నది విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో, ఆ భాగం నడిచేదీ కెర్నెల్ లోపలే. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు. అసలు ఒళ్లు మండే సంగతేంటంటే దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్లు మామూలుగా టీ తాగుతూ కూర్చున్నారు, అప్‌డేట్ ఆపించుకున్నవాళ్లు ఫైళ్లు పోగొట్టుకున్నారు.

విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వాడేవాళ్లం మాకేం అనుకోడానికీ లేదు. 2016లో బయటపడిన 'డర్టీ కౌ' లోపం 2007 నుంచీ కెర్నెల్‌లో ఉంది, తొమ్మిదేళ్లు ఎవరికీ కనబడలేదు. 2022 మార్చిలో 'డర్టీ పైప్' అని ఇంకోటి. మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామర్ కస్టమర్ల లాగ్ ఫైళ్లు ఎందుకు పాడవుతున్నాయా అని నెలల తరబడి తవ్వుతూ పోతే చివరికి కెర్నెల్ తప్పు దొరికింది, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు మీద కూడా రాసెయ్యొచ్చని. ఆ ఏడాది కొత్తగా వచ్చిన ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఉందది, ఆండ్రాయిడ్ లోపలుండేదీ లైనక్స్ కెర్నెలే కాబట్టి. ఇంకా దగ్గర్లోది కావాలంటే సీవీఈ-2024-1086 (సీవీఈ అంటే బయటపడ్డ లోపానికి వేసే గుర్తింపు నంబరు). దీన్ని 2024 జనవరిలో సరిచేశారు, మార్చికల్లా దాన్ని ఎలా వాడుకోవాలో కోడ్ బహిరంగంగా వచ్చేసింది, మే నెలలో అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ 'దీన్ని నిజంగానే దాడుల్లో వాడుతున్నారు' అన్న జాబితాలో చేర్చింది. రిపేరు వచ్చిన రోజే లోపం ఎక్కడుందో దొంగకీ తెలిసిపోతుంది, పాత కోడ్ కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఇంక మనం ఆలస్యం చేసిన ప్రతి వారం వాడిదే.

మీ వార్తల్లో ఇంకో తమాషా, 'ఒకే నెలలో వందల లోపాలు' అని అంకెలు వేసి బెదరగొట్టడం. 2024 ఫిబ్రవరి నుంచి లైనక్స్ కెర్నెల్ వాళ్లు సీవీఈ నంబర్లు తామే ఇచ్చుకుంటున్నారు, సెక్యూరిటీతో కాస్త సంబంధం ఉండొచ్చు అనిపించిన ప్రతి రిపేరుకీ ఒక నంబరు వేస్తారు, ఏడాదికి వేలల్లో తేలుతాయి. ఆ అంకె చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. అన్నీ ఒక్క అప్‌డేట్‌లోనే వచ్చేస్తాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. అప్‌డేట్ ఆపనివాళ్లలో కూడా చాలామందికి అది పూర్తికావట్లేదు. నడుస్తున్న కెర్నెల్ మెమరీలో కూర్చుని ఉంటుంది, కొత్తది డిస్కు మీదికి వస్తుంది, రీస్టార్ట్ చేసేదాకా పనిచేసేది పాతదే. మిగతా ప్రోగ్రాములకైతే మూసి తెరిస్తే చాలు, కెర్నెల్‌ని మూసి తెరవడమంటే సిస్టమ్ మొత్తాన్ని రీస్టార్ట్ చెయ్యడమే. 'నేను రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే ఇంటికెళ్తాను కదండీ' అంటారు. అక్కడే ఉంది మెలిక. విండోస్ 8 నుంచీ 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటి పెట్టారు, చాలా సిస్టమ్‌లలో అది ముందునుంచే ఆన్ చేసి ఉంటుంది. షట్‌డౌన్ కొడితే మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ కెర్నెల్ మాత్రం తన మెమరీని ఒక ఫైలులో దాచుకుని నిద్రపోతుంది, పొద్దున్న బటన్ నొక్కితే అదే పాత కెర్నెల్ అక్కణ్నుంచే లేస్తుంది. అందుకే తొందరగా ఆన్ అవుతుంది మరి. ఈ ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా కొన్ని అప్‌డేట్లు పూర్తికాకపోవచ్చని మైక్రోసాఫ్టే చెబుతోంది. రీస్టార్ట్ కొడితేనే కెర్నెల్ మొదటినుంచి లోడ్ అవుతుంది.

నమ్మకం లేకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి, కింద 'అప్ టైమ్' అని ఉంటుంది. కెర్నెల్ చివరిసారి మొదటినుంచి లోడ్ అయ్యి ఎంతసేపైందో అది చెబుతుంది, మొదటి అంకె రోజులు. మా దగ్గర ఒక ఆఫీసులో, పేరెందుకు లెండి, ప్రింటర్ బాగుచేయడానికి వెళ్లి అక్కడి సిస్టమ్‌లో చూశాను. ఆ గుమాస్తా గారు ప్రతి సాయంత్రం శుభ్రంగా షట్‌డౌన్ చేసి, మెయిన్ స్విచ్చి కూడా కట్టేసి, దానిమీద గుడ్డ కప్పి వెళ్లే మనిషి. అప్ టైమ్ చూస్తే రెండు నెలలు దాటి ఉంది. తెర మీద పవర్ గుర్తు పక్కన నారింజ చుక్క వెలుగుతూనే ఉంది, రీస్టార్ట్ చెయ్యి బాబూ అని. 'అది ఎప్పుడూ అలాగే ఉంటుందండీ' అన్నారాయన. ఆ సిస్టమ్ మీద జనం కాగితాలన్నీ ఉన్నాయి. కంప్యూటర్లు సరఫరా చేసినవాళ్లు ఎవరో, మెయింటెనెన్సు ఎవరిదో, అప్‌డేట్ చూడాల్సింది ఎవరో అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

లైనక్స్‌లోనూ ఇదే కథ. ఉబుంటు అనే లైనక్స్ రకం తనంతట తాను కొత్త కెర్నెల్ దింపుకుని పెట్టుకుంటుంది, మామూలుగా రీస్టార్ట్ మాత్రం మనమే చెయ్యాలి. సర్వర్లు ఆపకుండా రిపేరు వేసే లైవ్‌ప్యాచ్ పద్ధతి ఒకటుంది, పెద్ద కంపెనీలు వాడతాయి, మనలాంటివాళ్లకి వారానికోసారి రీస్టార్ట్ కొట్టడం కన్నా సులువైంది ఏమీ లేదు.

ఫోన్ల గురించి రెండు ముక్కలు. సెట్టింగ్స్‌లో 'ఎబౌట్ ఫోన్' లోపల సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఉంటుంది. ఆ తేదీ నెలలో ఒకటో తారీఖని ఉంటే ఆండ్రాయిడ్ పైభాగం రిపేర్లు వచ్చినట్టు, ఐదో తారీఖని ఉంటే కెర్నెల్, చిప్పు కంపెనీల రిపేర్లు కూడా కలిసినట్టు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఖరీదైన మోడళ్లకి ఏడేళ్లు ఈ రిపేర్లు ఇస్తామంటున్నాయి గానీ మా సంతలో సెకండ్ హ్యాండులో తిరిగే ఫోన్లలో ఆ తేదీ ఎప్పుడో మూడు నాలుగేళ్ల కిందట ఆగిపోయి ఉంటుంది. దానికి నేనూ ఏం చెయ్యలేను, ఫోన్‌పే మాత్రం వేరే ఫోన్లో పెట్టుకోండమ్మా అని చెబుతాను.

ఇంకో బాంబు ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే వీలు ఇచ్చారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కూడా కట్టనక్కర్లేదు. మా ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి, మా వీధుల్లో ఉన్న సిస్టమ్‌లలో చాలావాటికి రెండూ లేవు. టైపింగుకీ, బ్రౌజరుకీ, పిల్లల చదువుకీ అయితే లైనక్స్ వేసి ఇస్తున్నాను, కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా అదే నడుపుతున్నారు, మనకేం రోగం? వేలిముద్ర మిషన్ వాడే సిస్టమ్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి, డ్రైవర్ విండోస్‌కే ఇచ్చి ఉంటే ఇరుక్కుంటారు.

'అప్‌డేట్ వల్లే కదా 2024 జులైలో విమానాలు ఆగిపోయాయి, హైదరాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు' అని ఎవరో ఒకరు అంటారు, ఎప్పుడూ అంటారు. అది క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఫైలు, కెర్నెల్ లోపల నడిచే వాళ్ల డ్రైవర్ ఆ ఫైలు చదవబోయి బోర్లా పడింది, 85 లక్షల సిస్టమ్‌లు నీలం తెరలో చిక్కుకున్నాయి. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్‌కీ దానికీ సంబంధం లేదు, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ మా షాపుల్లో ఎవరి దగ్గరా నేను చూడలేదు. మామూలు అప్‌డేట్ కూడా అప్పుడప్పుడు బెడిసికొడుతుంది, కాదనను. భయమున్నవాళ్లు ఐదు వారాల వరకు పాజ్ చేసుకోవచ్చు, ఆ వీలు సెట్టింగ్స్‌లోనే ఉంది. ఒక వారం ఆగి, ఎవరికీ ఏమీ కాలేదని చూసుకుని, సంతకి సెలవున్న రోజు కరెంటు నిలకడగా ఉన్నప్పుడు వేసుకోండి. శాశ్వతంగా పీకెయ్యడం దీనికి మందు కాదు. ఆర్నెల్లవి పేరుకుపోయాయి ఎలా అని కంగారొద్దు, విండోస్‌లో ఈ నెలది వేస్తే వెనకటివన్నీ అందులోనే కలిసి ఉంటాయి. నాలుగైదు సిస్టమ్‌లున్న బడులూ సెంటర్లూ అయితే 'డెలివరీ ఆప్టిమైజేషన్' ఆన్ చేసుకుంటే ఒకటి దింపుకున్న అప్‌డేట్‌ని అదే నెట్‌వర్కులో ఉన్న పక్కవి దాన్నుంచే తీసుకుంటాయి, డేటా కలిసొస్తుంది.

మిమ్మల్ని అడిగేది చిన్న పని. మైక్రోసాఫ్ట్ రిపేర్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి, మన టైము ప్రకారం రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. ఆండ్రాయిడ్ బులెటిన్ సాధారణంగా నెల మొదటివారంలో వస్తుంది. రెండో మంగళవారం తర్వాత గురువారం పేపర్లో నాలుగు అంగుళాల బాక్సు కట్టండి. ఈ నెల ఏ విండోస్ వెర్షన్లకి వచ్చింది, ఫోన్‌లో ఏ తేదీ ప్యాచ్ కనబడాలి, ఇప్పటికే దాడుల్లో వాడుతున్న లోపం ఏదైనా ఉందా, చివర్లో 'షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్' అన్న లైను. హ్యాకర్ బొమ్మ అక్కర్లేదు. ఆ బాక్సు కత్తిరించి షాపు గోడకి అంటించే పూచీ నాది, చదవలేనివాళ్లకి చదివి కూడా చెబుతాను.

ఒకవేళ వేసేటట్టయితే మాత్రం జిల్లా పేజీలోనే వెయ్యండి. మా వైపు వచ్చే కట్టలో టెక్నాలజీ పేజీ సగం రోజులు ఉండట్లేదు, ఏజెంట్‌ని అడిగితే ఆఫీసు నుంచే రాలేదంటాడు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా